ఈ యొడ్డున అధికారము, ఆ యొడ్డున ధనము

హైదరాబాదు పాతనగరమున చార్మినారు నుండి బయలుదేరి, పత్తర్‌గట్టీ మీదుగా మూసీనదిని దాటి ఆవలి యొడ్డునకు చేరుటకు నడకతో అరగంట చాలును. అయినను నగర చరిత్రను పరిశీలించువారికి ఈ చిన్న నది రెండు రాజ్యముల నడిమి పొలిమేర వలె తోచును. దక్షిణపు టొడ్డున, కోటగోడల లోపల, నిజాము ప్రభువుల మహళ్లు, దివానుల దేవిడీలు, జాగీర్దారుల హవేలీలు ఉండెడివి. ఉత్తరపు టొడ్డున కార్వాన్ సాహుకార్లు, బేగంబజారు వర్తకులు, వారికి తూర్పుగా ఇంగ్లీషు రెసిడెన్సీ, దాని నంటి పెరిగిన రెసిడెన్సీ బజారు ఉండెడివి. ఈ యొడ్డున అధికారము, ఆ యొడ్డున ధనము. పంతొమ్మిదవ శతాబ్దములో హైదరాబాదు రాజకీయములను నడపినది చాలవరకు ఈ రెండింటి నడుమ సాగిన రాకపోకలే అని నా అభిప్రాయము. ఆ రాకపోకలను త్రిప్పినది మాత్రము మూడవ శక్తి. అది జనుల అసంతృప్తి. జీతములు రాని సిపాయిలది ఒక విధము. పన్నులు మోయలేని రైతులది ఒక విధము. చదువుకొని ప్రశ్నింప నేర్చినవారిది మరియొక విధము.

మొదట సిపాయిల సంగతి చూతము. ఆనాటి నిజాము ప్రభుత్వమునకు రెండు సైన్యములు భారమై ఉండెను. ఒకటి అరబ్బులు, రోహిలాలు, పఠానులు, సిక్కులు మొదలగువారితో కూడిన స్వదేశ సైన్యము. రెండవది ఇంగ్లీషు అధికారుల చేతి క్రింద నడచు హైదరాబాదు కంటింజెంటు. దానికి జీతమిచ్చువారు నిజాములు, ఆజ్ఞలిచ్చువారు రెసిడెంట్లు. దాని ఖర్చు ఏటేటా ఇంచుమించు నలుబది లక్షల రూపాయలు. ఈ జీతములు నెల తప్పిన యెడల రెసిడెంటు ఊరకుండడు. స్వదేశ సైన్యపు జీతములు మాత్రము నెలలు కాదు, సంవత్సరములే తప్పుచుండెను. అప్పుడు సిపాయిలు దివాను దేవిడీ ముందు కత్తులు పట్టుకొని కూర్చుండెడివారు. ధర్నా యను మాట మనకు నేడు సభలలోను, పత్రికలలోను సాధారణమైపోయినది కాని, ఆనాడు దాని యర్థము వేరు. ధర్నా కూర్చున్నవాడు బాకీ చెల్లువరకు లోనివారిని బయటికి పోనీయడు, బయటివారిని లోనికి రానీయడు. అన్నము, నీళ్లును అడ్డగించును.

సిపాయిలను లేపి పంపుటకు రొక్కము కావలెను. ఖజానాలో రొక్కము లేదు. కాబట్టి దివాను నది కావలి సాహుకార్లకు కబురు పంపును. వారు లెక్క చూచుకొని, బదులుగా ఒక తాలూకా శిస్తును తమ పేర వ్రాయించుకొందురు. శిస్తు వసూలు గుత్తకు పోవును. గుత్తదారునకు తన గడువు ఎంతకాలమో తెలియదు. రేపు మరియొకడు పది వేలు హెచ్చుగా ఇత్తునన్న యెడల తన గుత్త పోవును. అందుచేత అతడు మొదటి సంవత్సరమే పిండుకొనును. రైతు పొలము విడిచి పొరుగు కంపెనీ జిల్లాలకు పోవును. శిస్తు తగ్గును. శిస్తు తగ్గగా సిపాయిల జీతము మరల తప్పును. వడ్డీ ఎందుకు హెచ్చుగా ఉండెనో తెలిసికొనుటకు వేరుగా అర్థశాస్త్రము చదువ నక్కరలేదు. అప్పు పుచ్చుకొనువాని ఇంటి ముందు కత్తులు కనబడుచుండగా ఇచ్చువాడు తక్కువ వడ్డీ కెట్లు ఇచ్చును?

ఈ చక్రములోనికి 1814 ప్రాంతమున విలియం పామర్ కంపెనీ ప్రవేశించినది. విలియం పామర్ ఇంగ్లీషు సేనాధిపతికిని, ఒక ముస్లిం బేగమునకును జనించినవాడు. కొంతకాలము నిజాము సైన్యములో పని చేసినవాడు. ఈ దేశపు మర్యాదలు, ఆ దేశపు పలుకుబడులు రెండును ఎరిగినవాడు. రెసిడెన్సీ నీడన కొఠీ పెట్టి, దేశీయ సాహుకార్లను కూడ భాగస్థులుగా చేర్చుకొని, నిజాము ప్రభుత్వమునకు నూటికి ఇరువదినాలుగు, ఇరువదియైదు చొప్పున వడ్డీకి అప్పులిచ్చెను. బ్రిటిషు ప్రజలు స్వదేశ సంస్థానాధీశులకు అప్పులిచ్చుట పార్లమెంటు శాసనముచే నిషిద్ధము. పామర్ కంపెనీకి మాత్రము 1816లో గవర్నరు జనరల్ హేస్టింగ్సు ప్రభువు మినహాయింపు ఇచ్చెను. ఆయన ఇంట పెరిగిన యువతిని పెండ్లాడిన సర్ విలియం రంబోల్డు ఆ కంపెనీలో భాగస్థుడు. ఈ రెండు విషయములను ప్రక్కప్రక్కన ఉంచి చదువుకొనవచ్చును.

కంటింజెంటు జీతములు పామర్ కొఠీ నుండి నెలనెల చెల్లుచుండెను. దాని కీడుగా బీరారు తాలూకాల శిస్తు ఆ కొఠీకి పోవుచుండెను. 1820లో అరువది లక్షల రూపాయల పెద్ద అప్పు ఒకటి వ్రాయబడినది. ఆ సంవత్సరాంతమున రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ లెక్కలు విప్పి చూచి, ఇందులో ఎనిమిది లక్షలు నిజముగా ఇచ్చిన సొమ్ము కాదనియు, కంపెనీ వారు తమకు తామే వ్రాసికొన్న బహుమానమనియు వాదించెను. హేస్టింగ్సు ప్రభువునకు కోపము వచ్చెను. కాని మెట్‌కాఫ్ వెనుకకు తగ్గలేదు. కడకు 1823లో నిజాము ఈ అప్పు నుండి బయటపడిన మార్గము ఆంధ్రులమైన మనము ప్రత్యేకముగ జ్ఞాపకముంచుకొన దగినది. ఉత్తర సర్కారుల నిమిత్తము ఇంగ్లీషువారు నిజామునకు ఏటేటా ఏడు లక్షల పేష్కష్ చెల్లించుచుండిరి. ఆ హక్కును శాశ్వతముగ విడిచి, అందులకు బదులు 1,16,66,666 రూపాయలు ఒక్కమారు పుచ్చుకొని, దానితో పామర్ బాకీ తీర్చిరి. గోదావరి, కృష్ణా తీరముల పై నిజామునకు మిగిలిన కడపటి ఆదాయపు హక్కు ఈ విధముగా ఒక కొఠీ వడ్డీ లెక్కలో కరగిపోయినది. మరుసటి సంవత్సరమే పామర్ కంపెనీ దివాలా తీసినది. పామర్ మాత్రము ఈ నగరమును విడువక, 1867లో మరణించువరకు ఇచ్చటనే కాలము గడపెను.

ఈ కాలమంతయు రాజ్యభారము మోసినవాడు మహారాజా చందూలాల్. పాతనగరమున ఆయన పేరిట బారాదరి పేట యున్నది. ఆయన దాతయనియు, పారసీక ఉర్దూ భాషలలో కవియనియు పేరు. ఆయన దానములను పొగడిన చరిత్రకారులు కలరు; ఆయన అప్పులను తెగడినవారు అంతకంటె హెచ్చుగా కలరు. నా మట్టుకు నేను ఆయనను పూర్తిగ నిందింపజాలను. కంటింజెంటు ఖర్చు తగ్గించుట ఆయన చేతిలో లేదు. శిస్తు పెంచుట రైతు చేతిలో లేదు. చేతిలో నున్నది ఒక్క సంతకమే, దానితో ఆయన 1843 వరకు నెట్టుకొని వచ్చెను. పామర్ తరువాత పెస్తన్‌జీ, విక్కాజీ యను పారసీ సోదరులు అప్పులిచ్చిరి. వారును బీరారు తాలూకాలే ఈడుగా పుచ్చుకొనిరి. ఔరంగాబాదు టంకశాలలో వారి పేర పెస్తన్‌షాహి రూపాయలు కూడ ముద్రింపబడెను. 1840ల నడుమ ప్రభుత్వము వారి తాలూకాలను బలవంతముగ వెనుకకు లాగికొనగా ఆ కొఠీయు కూలిపోయినది.

ఇక మిగిలిన ఋణదాతలు ఎవరు? అరబ్బు జమాదార్లు! సిపాయిలకు నాయకులైన వీరే తమ సిపాయిల జీతములకు రొక్కము సర్ది, ఆ మొత్తమును ప్రభుత్వపు పద్దున వ్రాసి, తాలూకాలు కుదువ పెట్టించుకొనిరి. బాకీదారులను తమ ఇండ్లలోనే చెర పెట్టెడివారు. సాహుకారు వ్రాసియిచ్చిన పత్రమునకు కోర్టు లేదు. జమాదారు పత్రమునకు కత్తియే కోర్టు. కాబట్టి అప్పిచ్చు వ్యాపారము క్రమముగా పత్రము గలవారి నుండి కత్తి గలవారి చేతికి పోయినది. అసంతృప్తి పెట్టుబడిని పారద్రోలు నందురు. హైదరాబాదున అది అంతకంటె విచిత్రమైన పని చేసినది: తానే పెట్టుబడిదారై కూర్చున్నది. పాతనగరమునకు దక్షిణమున నున్న బార్కస్ పేట అరబ్బుల వంశీయులకు నివాసము. బారకాసు లను మాట నుండియే ఆ పేరు వచ్చినది.

1853 మే నెలలో కంటింజెంటు బాకీల క్రింద బీరారు, ధారాశివము, రాయచూరు దోఆబు ఇంగ్లీషువారి స్వాధీనమైనవి. ఒడంబడిక జరిగిన కొలది దినములకే దివాను సిరాజుల్ ముల్కు మరణించగా, ఆయన అన్న కుమారుడు మీర్ తురాబ్ అలీ ఖాను, అనగా మొదటి సాలార్‌జంగు, ఇరువదినాలుగు సంవత్సరముల ప్రాయమున దివాను ఆయెను. ఖజానా ఖాళీ, నిజాము ఆభరణములు సైతము కుదువలో నుండెను. ఆయన సంస్కరణముల పట్టిక పాఠ్యపుస్తకములలో దొరకును గనుక దానిని ఇచ్చట చెప్పబోను. ఒక్క విషయము మాత్రము చెప్పెదను. ఆయన మొదట సంపాదించినది ధనము కాదు, మాట. ఏ బాకీ ఎంతయో, ఏది న్యాయమో విచారించి తేల్చుట; తేల్చినదానిని గడువునకు చెల్లించుట; జమాదార్ల చేతి తాలూకాలను ఒక్కొక్కటిగా విడిపించుట; గుత్తదార్లను తొలగించి జీతము పుచ్చుకొను ఉద్యోగులను నియమించుట; పలు టంకశాలల రూపాయల నాపి హాలీ సిక్కా నొక్కదానిని నిలుపుట. 1865 నాటి జిలాబందీతో రాజ్యము జిల్లాలుగా విభజింపబడెను. ఇది జరుగుచుండగా బేగంబజారు సాహుకార్లు దివాను దేవిడీకి మరల రాసాగిరి. ఇంతకు ముందు లేని ధనము ఎక్కడినుండి వచ్చినది? అది ఎక్కడికిని పోలేదు, పెట్టెలలో నుండెను.

అయినను ధనమునకు భయము పూర్తిగ పోలేదు. 1857 జూలై 17వ తేదీ సాయంకాలమున రోహిలాలు, నగరవాసులు కొన్ని వందల మంది తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను నాయకులుగా పాతనగరము నుండి బయలుదేరి రెసిడెన్సీ పై దాడి వెడలిరి. వారు రెసిడెన్సీ ప్రహరీకి ఎదురుగా నున్న రెండు ఇండ్లలో ప్రవేశించి అచ్చట నుండి తుపాకులు కాల్చిరి. ఆ ఇండ్లు ఎవరివి? అబ్బన్ సాహెబు, జయగోపాల్ దాసు అను ఇద్దరు సాహుకార్లవి. ఫిరంగుల ముందు దాడి నిలువలేదు. 1859లో తుర్రెబాజ్ ఖాను చంపబడెను. మౌల్వీ అండమాను దీవులకు పంపబడెను. నగరమున వేలాది జనుల హృదయము వారి పక్షమున నుండెననుటలో సందేహము లేదు. సాలార్‌జంగు మాత్రము ఇంగ్లీషువారి పక్షమున నిలిచెను. బహుమానముగ 1860లో రాయచూరు దోఆబు, ధారాశివము తిరిగి వచ్చినవి. యాబది లక్షల బాకీ రద్దయినది. బీరారు రాలేదు.

ఆ రెండు ఇండ్ల సంగతి సాహుకార్లు మరచియుండరు. తరువాతి కాలమున రెసిడెన్సీ బజారు వర్ధిల్లుటకు కారణము కొంత అందుండి గ్రహింపవచ్చును. ఆ బజారులో రెసిడెంటు అధికారము చెల్లును. అక్కడి కోర్టులో పత్రమునకు విలువ కలదు. దివాను మనుష్యులు వచ్చి తలుపు తట్టరు. నిజాము రాజ్యములో సంపాదించిన ధనము, నిజాము నగరముననే యున్నను, నిజాము అధికారమునకు వెలుపల కాపురము పెట్టినది. ఈ బజారు 1933లో నిజామునకు తిరిగి ఇయ్యబడి సుల్తాన్ బజారు అను పేరు దాల్చినది.

ఇక రైలు కథ. బొంబాయి నుండి మద్రాసు పోవు మార్గములోని వాడి జంక్షను నుండి సికింద్రాబాదు వరకు నూరు మైళ్లకు పైగా గల రైలుదారి 1874 అక్టోబరులో తెరువబడెను. ఖర్చు నిజాము ప్రభుత్వముది. వడ్డీ వ్యాపారమున నూటికి పండ్రెండు, పదునెనిమిది చూచిన వారికి ఇనుపదారి ఇచ్చు కొద్దిపాటి లాభము ఏమి రుచించును? అందును ఆ దారి ఇంగ్లీషువారి దండులకు ఉపయోగించుననియే జనుల తలంపు. ఆ తలంపు అబద్ధమును కాదు. సికింద్రాబాదు ఇంగ్లీషు దండు విడిది కదా.

తరువాత, సికింద్రాబాదు నుండి ఓరుగల్లు మీదుగా ఒక శాఖ బెజవాడకు, ఇంకొకటి చందాకు పొడిగింపవలెనను సంకల్పము కలిగినది. బొగ్గు, ప్రత్తి, ధాన్యము ఆ దారిలో నున్నవి. 1872 నాటికే సింగరేణి ప్రాంతమున బొగ్గు ఉన్నట్లు భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు కనుగొని యుండెను. ఈ సంప్రదింపులు నడచుచుండగా 1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగు కలరా సోకి ఒక్క దినములో మరణించెను. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను ఇంకను మైనరు. లండను నగరమున ఒక కంపెనీ స్థాపించి, పాత దారిని దానికి అమ్మి, క్రొత్త దారిని దాని చేతనే వేయింపవలెనని ఏర్పాటు. కంపెనీ మూలధనమునకు నిజాము ప్రభుత్వము ఇరువది సంవత్సరములపాటు నూటికి ఐదు వంతున వడ్డీకి హామీ ఇయ్యవలెను.

అప్పుడు ఈ నగరమున మునుపెన్నడును జరుగనిది జరిగినది. కత్తి లేకుండ, కాగితముతో కొందరు పౌరులు ప్రభుత్వమును ప్రశ్నించిరి. వారిలో ముఖ్యులు ఇరువురు. ఒకరు డాక్టరు అఘోరనాథ ఛటోపాధ్యాయుడు, ఎడింబరోలో శాస్త్రాచార్య పట్టమందిన వంగీయుడు, హైదరాబాదున ఆంగ్లవిద్యకు పునాది వేసినవాడు, సరోజినీదేవి తండ్రి. రెండవవారు ముల్లా అబ్దుల్ ఖయ్యూం, ప్రభుత్వోద్యోగి, అరబ్బీ విద్వాంసుడు. ఒక బెంగాలీ బ్రాహ్మణుడు, ఒక దక్షిణాది ముస్లిం విద్వాంసుడు, వారి వెంట నగరపు పెద్దమనుష్యులు కొందరు సంఘముగా కూడిరి. వారి కోరిక మిక్కిలి చిన్నది: రైలు ఒప్పందపు కాగితములను ప్రకటింపుడు, భారము మోయువారు షరతులు చదువుకొందురు.

కాగితములు బయటికి రాలేదు. 1883 మే 20న అఘోరనాథుడు ఉద్యోగము నుండి తొలగింపబడి రాజ్యము నుండి బహిష్కృతుడాయెను. అబ్దుల్ ఖయ్యూంకును ఉద్యోగము పోయినది. డిసెంబరులో ఒప్పందము ముగిసినది. 1884 ఫిబ్రవరి 5న రిప్పన్ ప్రభువు సమక్షమున నిజాము అధికారము స్వీకరించునప్పటికి ఆ పత్రముపై సిరా ఆరిపోయి యుండెను.

ఇప్పుడు లెక్క చూతము. కంపెనీ మూలధనము నలుబదియైదు లక్షల పౌనుల వరకు పోవచ్చునని ఏర్పాటు. నూటికి ఐదు చొప్పున ఏటికి రెండు లక్షల ఇరువదియైదు వేల పౌనులు. రైలు సంపాదించినది అంతకు తక్కువైన యెడల మిగిలినది ఖజానా భర్తీ చేయవలెను. పైగా వడ్డీ పౌనులలో, శిస్తు రూపాయలలో. 1870 ప్రాంతమున పౌనుకు పది రూపాయలుండగా, వెండి ధర పడిపోయి, 1893 నాటికి పదియారు రూపాయలైనది. లండనులోని వాటాదారునకు పంటలు పండినను, ఎండినను భేదము లేదు. అతని కూపను అతనికి వచ్చును. వాన కురియనిచో నష్టము నల్లగొండ రైతుది, ఎలగందుల రైతుది. పామర్ ఇరువదినాలుగు వడ్డీ పుచ్చుకొన్నను, కనీసము దివాలా తీయు ప్రమాదమును తాను మోసెను. తుదకు తీసెను కూడ. హామీ పొందిన వాటాదారునకు ఆ ప్రమాదము లేదు. ఐదు తక్కువ వడ్డీ కావచ్చును. కాని ప్రమాదము లేని చోట ఐదు తక్కువ కాదు. అఘోరనాథుని సంఘము అడిగినది ఈ లెక్కనే.

వారి అనుమానము అతిశయోక్తి కాదని ఐదు సంవత్సరములలోనే ఋజువైనది. రైలు ఒప్పందమునకు లండనులో రాయబారము నడపిన అబ్దుల్ హఖ్, సర్దార్ దిలేరుల్ ముల్కు, 1886లో గనుల హక్కుల విషయమునను మధ్యవర్తి ఆయెను. ఆ హక్కులు పొందిన ఇద్దరు ఇంగ్లీషువారు హైదరాబాదు దక్కను మైనింగు కంపెనీని స్థాపించిరి. మూలధనము పేరునకు పది లక్షల పౌనులు. అందులో నూటికి ఎనుబదియైదు పాళ్ల వాటాలు ఒక్క పౌను చెల్లింపకుండనే హక్కుదారుల పరమైనవి. తరువాత నిజాము ప్రభుత్వము పేర, అంగడి ధరకు, కొన్ని వాటాలు కొనబడెను. కొనిపించినవాడు అబ్దుల్ హఖ్, అమ్మకమున లాభము పొందినవారిలోను అతడే కలడని తేలెను. అతడు పదవి నుండి తొలగింపబడెను. 1888లో లండను కామన్సు సభ ఒక ప్రత్యేక సంఘమును నియమించి ఈ వ్యవహారమును విచారించెను. నిజాము రాజ్యపు గనుల కాగితములు హైదరాబాదులో అచ్చుపడుటకు ముందు లండనులో అచ్చుపడినవి!

అయితే రైలు వ్యర్థమా? కాదు. 1886లో బండి ఓరుగల్లు చేరినది. 1888లో డోర్నకల్ నుండి సింగరేణి బొగ్గుగనులకు శాఖ ఏర్పడినది. 1889లో బెజవాడ చేరినది. కృష్ణాతీరపు బియ్యము హైదరాబాదునకు, తెలంగాణపు బొగ్గు మద్రాసునకు పోయినవి. తెలుగుదేశపు రెండు భాగములను మొట్టమొదట ఒక దారి కలిపినది. 1883 నాటి విమర్శకులు ఈ లాభమును తక్కువగా అంచనా వేసిరని ఒప్పుకొనవలెను. వారు ఎదిరించినది దారిని కాదు, దారి ధరను. ఈ భేదము అప్పటి అధికారులకు పట్టలేదు. ఎవరి పేరిట గొడవ లేచెనో ఆ చందా దారి మాత్రము అప్పుడు వేయలేదు. కాజీపేట నుండి బల్హార్షా వరకు అది పూర్తియగునప్పటికి 1920లు ముగియవచ్చినవి. 1930లో నిజాము ప్రభుత్వము కంపెనీ నుండి రైళ్లను కొనివేసెను. సింగరేణి వాటాలును 1945లో ప్రభుత్వపు చేతికి వచ్చినవి.

అబ్దుల్ ఖయ్యూం తరువాత హైదరాబాదునకు తిరిగి వచ్చి, జాతీయ కాంగ్రెసును బాహాటముగ సమర్థించిన తొలి హైదరాబాదీలలో ఒకడై, దాయిరతుల్ మఆరిఫ్ గ్రంథప్రచురణ సంస్థ స్థాపకులలోను చేరి, 1906లో కాలధర్మము నొందెను. అఘోరనాథుని కూడ కొంతకాలమునకు వెనుకకు పిలిచిరి; కళాశాల ఆయన లేక నడువలేదు. ఆయన ఇల్లు నాంపల్లిలో నున్నది. కుమార్తె కవితా సంపుటి పేరుతో దానిని గోల్డెన్ థ్రెషోల్డ్ అందురు. 1907లో దానికి చేరువనే నాంపల్లి రైలుస్టేషను వెలసినది. అంతటినుండి, రైలు కాగితములు చూపుమని అడిగి దేశము వెడలిన ఆ పండితుని ఇంటి ముందరి వీధికి స్టేషను రోడ్డు అను పేరు స్థిరపడినది.